ఇంగ్లిష్ మేజర్‌లో మూడో గది: రైటింగ్, రెటరిక్ అంటే అసలు ఏం చదువుతారు?

అమెరికాలో ఒక పెద్ద యూనివర్సిటీ ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ వరండాలో నడుస్తున్నామనుకోండి. మొదటి గదిలో షేక్‌స్పియర్ నాటకం మీద క్లాసు. రెండో గదిలో పిల్లలు తాము రాసిన కథలు ఒకరికొకరు చదివి వినిపించుకుంటున్నారు. మూడో గదిలో తెర మీద ఒకప్పుడు నాసాకు చూపించిన పవర్‌పాయింట్ స్లైడ్ ఒకటి ఉంది. అందులో ఏ వాక్యం పైన పెట్టారు, ఏది అడుగుకి తోశారు, ఎందుకు అని ఓ ఇరవై మంది తెగ వాదించుకుంటున్నారు. ఈ మూడు గదుల్లోంచి బయటికొచ్చే వాళ్లందరి డిగ్రీ మీదా ఒకటే రాసి ఉండొచ్చు: బి.ఏ., ఇంగ్లిష్.

మొదటి రెండు గదులూ మనకు తెలిసినవే. సాహిత్యం, సృజనాత్మక రచన. తికమకంతా మూడో గదితోనే. దాన్ని రైటింగ్ అండ్ రెటరిక్ అంటారు. కొన్నిచోట్ల అది ఇంగ్లిష్ మేజర్‌లో, అంటే డిగ్రీ ప్రధానాంశంలో, ఒక ట్రాక్, కొన్నిచోట్ల విడిగా ఒక డిపార్ట్‌మెంట్. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇంట్లో కూతురు ఈ పేరు చెప్పగానే "గ్రామర్ నేర్చుకోవడానికి నాలుగేళ్లా?" అని నాన్న, "నవలలు చదవడమేగా, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చుగా" అని అమ్మ అంటే తప్పేం లేదు. పేరే అలాంటిది. కాస్త తెలిసినవాళ్లు "ఉపన్యాసాలు ఇవ్వడం నేర్పిస్తారేమో" అంటారు. అదీ పూర్తిగా అబద్ధం కాదు.

ఒకే పుస్తకం, వేరే ప్రశ్న

తిక్కన ఉద్యోగపర్వాన్ని తీసుకుందాం. సాహిత్య విద్యార్థి శ్రీకృష్ణ రాయబారం చదివితే, తిక్కన పాత్రల్ని ఎలా తీర్చాడు, సంస్కృత మూలానికి ఎక్కడ దగ్గరగా ఉన్నాడు, ఎక్కడ దూరం జరిగాడు, పద్యం నడక ఎలా ఉంది అని చూస్తాడు. రెటరిక్ విద్యార్థి అడిగేది వేరు. ఆ సభలో కృష్ణుడు ఎవరితో మాట్లాడుతున్నాడు? పైకి చూస్తే ధృతరాష్ట్రుడితోనూ దుర్యోధనుడితోనూ. కానీ భీష్మద్రోణులు వింటున్నారు, మిగతా రాజులు వింటున్నారు. సంధి కుదిరే సూచన లేదని కృష్ణుడికి తెలుసు. కనీసం ప్రయత్నం కూడా చెయ్యలేదన్న నింద రేపు తన మీద పడకూడదని విదురుడితో చెప్పుకున్న మనిషి ఆయన. అలాంటప్పుడు ఆ మాటలకు అసలు శ్రోత దుర్యోధనుడేనా? అదే పర్వంలో అంతకుముందు సంజయుడి రాయబారం ఉంది. రాజ్యం ఇస్తామన్న మాట ఒక్కటీ లేకుండా, యుద్ధం మంచిది కాదని పాండవులకు ధర్మపన్నాలు వినిపించి రమ్మని ధృతరాష్ట్రుడు పంపాడు. చెప్పిన నీతిలో తప్పు లేదు. అయినా ఆ మాటలు పారలేదు. ఎందుకు?

ఈ "ఎందుకు పారలేదు, ఎందుకు పారింది" అనేదే రెటరిక్. రచనకు అర్థమేమిటన్న దగ్గర అది ఆగదు. ఆ మాటలు ఎవరి మీద పనిచేశాయి, ఆ సమయంలోనే ఎందుకు చెప్పారు, ఇంకో దారి ఉండి కూడా ఈ దారి ఎందుకు పట్టారు అని అడుగుతుంది. అరిస్టాటిల్ ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే. ఒక సందర్భంలో ఒప్పించడానికి ఏయే మార్గాలున్నాయో చూడగలిగే శక్తి రెటరిక్ అన్నాడాయన. కాబట్టి చదువు మొదలయ్యేది ఇతరుల మాటల్లో ఆ మార్గాలను గుర్తుపట్టడంతో. ఒప్పించడం తర్వాతి పని.

రెటరిక్ అంటే చెడ్డ మాట అన్న అభిప్రాయమూ అప్పటిదే. అరిస్టాటిల్ గురువు ప్లేటో దాన్ని వంటతో పోల్చి, వైద్యుడు చేసే మేలు ఇది చెయ్యదు, నాలుకకు రుచి మాత్రమే ఇస్తుందని తీసిపారేశాడు. ఈ రోజుకీ టీవీ చర్చల్లో "అదంతా రెటరిక్" అంటే ఉత్త మాటల గారడీ అనే అర్థం. ఆ అనుమానం ఎందుకు సగం నిజమో, ఎందుకు సగం అన్యాయమో ఈ కోర్సుల్లో ఒక సెమిస్టర్ పాటు నలుగుతుంది.

రోమన్లు ఈ విద్యను ఐదు భాగాలు చేశారు: చెప్పాల్సిన విషయాన్ని వెతకడం, దాన్ని ఒక వరసలో పెట్టడం, శైలి, జ్ఞాపకం, సభలో చెప్పే తీరు. పదహారో శతాబ్దంలో పీటర్ రామస్ అనే ఫ్రెంచ్ పండితుడు మొదటి రెండూ తర్కశాస్త్రానివని లాగేసుకున్నాడు. రెటరిక్‌కి ప్రధానంగా శైలి, చెప్పే తీరు మిగిలాయి. మన దేశంలో బి.ఏ. ఇంగ్లిష్ చదివినవాళ్లకు రెటరిక్ అనగానే సిమిలీ, మెటఫర్, హైపర్‌బొలీ జాబితా గుర్తొస్తుందంటే అది ఆ కోత తాలూకు ఫలితమే. అలంకారాలు బట్టీపట్టి రెటరిక్ చదివేశామనుకున్నాం. తలకాయ లాంటి రెండు భాగాలు సిలబస్‌కి అవతలే ఉండిపోయాయి.

ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌లోకి ఎలా వచ్చింది

హార్వర్డ్‌లో బాయిల్‌స్టన్ ప్రొఫెసర్ ఆఫ్ రెటరిక్ అండ్ ఒరేటరీ అని ఒక పదవి ఉంది. 1806లో అందులో మొదట కూర్చున్నది జాన్ క్విన్సీ ఆడమ్స్, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయనే. అప్పట్లో కాలేజీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రేపు చర్చిలోనో కోర్టులోనో చట్టసభలోనో నిలబడి మాట్లాడాల్సినవాళ్లు. చదువంతా నోటితోనే నడిచేది. ఆ రోజుల్లో రెటరిక్‌కి ఒకరి నీడ అక్కర్లేదు, అదే ఇంటి పెద్ద.

1851లో ఆ పదవిలోకి ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ వచ్చాడు. జర్మనీలో చదువుకుని వచ్చిన మనిషి. ప్రాణమంతా ఇంగ్లండ్, స్కాట్లండ్ జానపద గాథల మీద. ఉద్యోగమేమో కుర్రాళ్ల వ్యాసాలు దిద్దడం. పాతికేళ్లు దిద్దాడు పాపం. 1876లో కొత్తగా మొదలైన జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ఆయన్ని పిలిచింది. చేజారిపోతాడని హార్వర్డ్ కంగారుపడి, దిద్దుడు పని నుంచి తప్పించి, తమ మొదటి ఇంగ్లిష్ ప్రొఫెసర్‌ని చేసింది. ఆయన హాయిగా సాహిత్యం చెప్పుకుంటూ 305 గాథలు సేకరించి అచ్చువేశాడు. వ్యాసాల కట్టలు ఆడమ్స్ షెర్మన్ హిల్ అనే పాత జర్నలిస్టు బల్ల మీదికి చేరాయి. నన్నడిగితే ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్లలో వందేళ్లకు పైగా నడిచిన తగువంతా ఈ ఒక్క బదిలీలోనే ఉంది. సాహిత్యం చెప్పడం గౌరవం, రాత నేర్పడం చాకిరీ.

దీనికి రెండేళ్ల ముందే, 1874లో, హార్వర్డ్ ప్రవేశ పరీక్షలో ఒక చిన్న ఇంగ్లిష్ వ్యాసం తప్పనిసరి చేసింది. అంశాన్ని షేక్‌స్పియర్, స్కాట్ లాంటివాళ్ల రచనల నుంచి ఇచ్చేవారు. మార్కులు స్పెల్లింగ్‌కి, వ్యాకరణానికి, విరామచిహ్నాలకు. ఎంతోమంది తప్పారు, గొడవైంది. తప్పినవాళ్ల కోసం, ఆ తర్వాత అందరి కోసం, మొదటి ఏడాది రాత కోర్సు వచ్చింది. మిగతా కాలేజీలు హార్వర్డ్ దారే పట్టాయి. రాత అంటే సాహిత్యం చదివి తప్పుల్లేకుండా ఏదో రాయడం అన్న జత అప్పుడే కుదిరింది. ఇంగ్లిష్ సాహిత్యం చెప్పేవాళ్లే రాత కూడా నేర్పాలన్నది ఎవరూ కూర్చుని ఆలోచించి చేసిన నిర్ణయం కాదు. పరీక్ష పేపర్ అలా వచ్చింది, డిపార్ట్‌మెంట్ కూడా అలా కుదిరింది.

1914లో ఇంకో చీలిక. ఇంగ్లిష్ టీచర్ల సంఘంలో ఉన్న ఉపన్యాస విద్య అధ్యాపకులు 17 మంది, తమను ఎవరూ పట్టించుకోవట్లేదని షికాగోలో విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. వాళ్ల వారసత్వమే ఈనాటి కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్లు. అరిస్టాటిల్‌ని, రోమన్ వక్త సిసెరోని వాళ్లు వెంటబెట్టుకుని వెళ్లిపోతే ఇంగ్లిష్ వాళ్ల చేతిలో ఎర్ర పెన్సిల్ మిగిలింది. ఒకే యూనివర్సిటీలో కమ్యూనికేషన్ వాళ్లూ రెటరిక్ చెబుతారు, ఇంగ్లిష్ వాళ్లూ చెబుతారు, ఇద్దరి సిలబస్‌లోనూ అరిస్టాటిలే ఉంటాడు. కొత్త విద్యార్థిని తికమక పెట్టే ఈ వింతకు మూలం ఆ చీలిక. స్థూలంగా ఉపన్యాసం అటు పోయింది, రాత ఇటు ఉండిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత సైనికులు లక్షల్లో కాలేజీలకు వచ్చారు. రాత నేర్పేవాళ్లు 1949లో తమకంటూ ఒక జాతీయ వేదిక పెట్టుకున్నారు. 1960లలో పాత రెటరిక్ గ్రంథాలను దుమ్ము దులిపి, రాత క్లాసులోకి తిరిగి తెచ్చారు. 1970ల నుంచి మనుషులు నిజంగా ఎలా రాస్తారన్న దాని మీద పరిశోధనలు మొదలయ్యాయి. కొన్నిచోట్ల ఇంక కలిసుండటం కుదరదని వేరుకాపురం పెట్టారు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో రెటరిక్ విభాగం 1990ల మొదట్లో ఇంగ్లిష్ నుంచి విడిపోయింది. సిరక్యూస్‌లో అంతకుముందే, 1986లో, రైటింగ్ ప్రోగ్రామ్ ఏర్పడింది. కార్నెగీ మెలన్‌లో ఇప్పటికీ ఇంగ్లిష్‌లోనే ఉంది. బర్క్‌లీలో రెటరిక్ పేరుతో విడి డిపార్ట్‌మెంట్ ఉంది కానీ అక్కడ సిద్ధాంతం, తత్వం పాలు ఎక్కువ. పేరు ఒకటే అయినా సరుకు ఒకటి కాదు.

అన్నట్టు ఆ బాయిల్‌స్టన్ పదవి ఇప్పటికీ ఉంది. 1984 నుంచి 1995 దాకా అందులో ఉన్నది ఐరిష్ కవి షేమస్ హీనీ.

ఒక ఉత్తరాన్ని విప్పి చూస్తే

1963 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో, నల్లజాతివాళ్ల మీద వివక్షకు వ్యతిరేకంగా ఆందోళన నడుపుతున్న మార్టిన్ లూథర్ కింగ్‌ని అరెస్టు చేశారు. అదే తేదీతో ఊళ్లోని ఎనిమిది మంది తెల్ల మతగురువులు ఒక ప్రకటన ఇచ్చారు. బయటివాళ్లు వచ్చి ఊళ్లో ఆందోళనలు చేయిస్తున్నారు, ఇది తెలివైన పని కాదు, ఇది సమయం కాదు అని దాని సారాంశం. పోలీసుల సంయమనాన్ని మెచ్చుకున్నారు కూడా. కింగ్ జైల్లో దొరికిన న్యూస్‌పేపర్ అంచుల మీద జవాబు మొదలుపెట్టాడు. ఏప్రిల్ 16 తేదీతో ఉన్న ఆ ఉత్తరం రెటరిక్ క్లాసుల్లో మళ్లీ మళ్లీ చదివే పాఠాల్లో ఒకటి.

మొదటి ప్రశ్న, ఉత్తరం ఎవరికి? పేరుకి ఆ ఎనిమిది మందికి. నిజానికి దేశమంతా చదవాలని రాసింది. ఎనిమిది మంది మతగురువులకు రాస్తున్నట్టు రాయడం వల్ల కింగ్‌కి ఒక వెసులుబాటు దొరికింది. తనూ పాస్టరే కాబట్టి వాళ్లను సాటి మతగురువులుగా పలకరించగలిగాడు. బయటివాడివన్న నిందకు మూడు మెట్లలో జవాబిచ్చాడు. మొదటిది, నన్ను ఇక్కడి సంస్థే పిలిచింది. రెండోది, సెయింట్ పాల్ ఊరూరా తిరిగి సువార్త చెప్పాడు, నేనూ అంతే. మూడోది, ఒకచోట జరిగే అన్యాయం అన్ని చోట్లా న్యాయానికి ముప్పే. మొదటి జవాబు గుమస్తా ఇచ్చే జవాబు. రెండోదాన్ని పాస్టర్లు కాదనలేరు. మూడోది ఎవరూ కాదనలేరు. ఈ వరసను తిరగేసి, మూడోదాన్ని మొదట పెట్టి చదివి చూడమంటారు క్లాసులో. గాలి తీసిన బెలూన్‌లా ఉంటుంది.

చట్టాన్ని ధిక్కరించడం గురించి రాసేటప్పుడు అగస్టీన్‌ని, అక్వినాస్‌ని తెచ్చాడు. వాళ్లు క్రైస్తవ ఆచార్యులు. ఆ వెంటనే మార్టిన్ బూబర్ అనే యూదు తత్వవేత్తను ఎందుకు తెచ్చాడు? ఆ ఎనిమిది మందిలో ఒకాయన రబ్బీ. కొటేషన్లు పాండిత్య ప్రదర్శన కోసం కాదని, ఒక్కో కుర్చీలో కూర్చున్న మనిషిని చూసి వేసినవని అక్కడ తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగేది ఒక వాక్యం దగ్గర. ఆగండి, ఇంకా సమయం రాలేదు అన్నవాళ్లకు అది జవాబు. ఇంగ్లిష్‌లో 300కు పైగా మాటలున్న ఒకే వాక్యం. మూకలు మీ తల్లిదండ్రుల్ని చంపడం చూసినప్పుడు, పోలీసులు మీ అన్నదమ్ముల్ని తన్నడం చూసినప్పుడు, టీవీలో చూసిన పార్కుకి ఎందుకు వెళ్లకూడదో ఆరేళ్ల కూతురికి చెప్పబోయి నాలుక తడబడినప్పుడు, ఏ మోటెల్ రానివ్వక రాత్రిళ్లు కారులోనే పడుకోవాల్సి వచ్చినప్పుడు అంటూ సెమికోలన్ల మీద సెమికోలన్లు వస్తాయి. చివర్న, అప్పుడు మీకు అర్థమవుతుంది, ఆగడం మాకెందుకు కష్టమో అని ముగుస్తుంది. అసలు క్రియ చివరికి గానీ రాదు కాబట్టి, చదివేవాడు దాని కోసం ఆగాలి. ఆగమన్నవాళ్ల చేత వాక్యమే ఆగేట్టు చేసింది. తెలుగులో క్రియ ఎప్పుడూ చివరే కాబట్టి మనకిది అంత కొట్టొచ్చినట్టు కనపడదు. ఇంగ్లిష్ చదివేవాడికి ఊపిరాడదు.

ఇక్కడితో అయిపోతే ఇది సాహిత్య విశ్లేషణే అనొచ్చు. రెటరిక్ క్లాసు ఆ తర్వాత పక్కకు జరుగుతుంది. ఈ వాక్యం ఉత్తరం మొదట్లో ఉంటే? ఆ మతగురువులు నిజంగా మారారా, లేక మారింది వేరేవాళ్లా? అదే ఏడాది ఆగస్టులో వాషింగ్టన్‌లో లక్షలాది మంది ముందు మాట్లాడినప్పుడు ఇదే మనిషి ఇంత పొడుగు వాక్యం ఎందుకు వాడలేదు? చదివేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోగలడు. వినేవాడికి ఆ అవకాశం లేదు.

చెప్పకుండా వదిలేసిన మాట

విద్యార్థులకు బాగా ఉపయోగపడే పనిముట్టు మరొకటి ఉంది. ఒక మెట్టు పైకి చెప్పకుండా వదిలేసిన వాదనను అరిస్టాటిల్ ఎంథిమీమ్ అన్నాడు. 1958లో స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త వాదనను ముక్కలుగా విడదీసి చూపించి, వాటిలో కారణాన్ని నిర్ణయంతో కలిపే ముక్కకు వారంట్ అని పేరు పెట్టాడు. రెండూ అచ్చంగా ఒకటి కావు గానీ మన అవసరానికి కలిపి చూడొచ్చు. "అబ్బాయి ఐఐటీలో చదివాడు, మంచి సంబంధం" అంటారు. కారణం ఉంది, నిర్ణయం ఉంది. మధ్యలో ఒక వంతెన ఉండాలి: ఐఐటీలో చదివినవాడు మంచి భర్త అవుతాడు. దాన్ని ఎవరూ పైకి అనరు. అంటే నలుగురూ నవ్వుతారు. అనలేదు కాబట్టే వాదన నిలబడింది, ఎందుకంటే ఆ వంతెన వినేవాళ్ల బుర్రలోనే ఉంది. ప్రకటనలు, ఎన్నికల ప్రసంగాలు, కోర్టు తీర్పులు, కంపెనీ మెయిల్స్ అన్నిటిలోనూ ఈ చెప్పని మాటను పట్టుకోవడం రెటరిక్ విద్యార్థికి రోజూ ఉండే పని. అమెరికాలో లా స్కూల్ ప్రవేశానికి రాసే ఎల్‌శాట్‌లో లాజికల్ రీజనింగ్ ప్రశ్నలు చాలా మటుకు ఇవే. 2024 ఆగస్టు నుంచి పజిల్స్ సెక్షన్ ఎత్తేసి ఈ రకం ప్రశ్నల భాగాన్ని రెట్టింపు చేశారు కూడా.

నాసా స్లైడ్

ఇప్పుడు మొదట్లో చెప్పిన స్లైడ్ సంగతి. 2003 జనవరి 16న కొలంబియా షటిల్ బయల్దేరింది. కల్పనా చావ్లా అందులో ఉన్నారు. ఎగిరిన ఒకటిన్నర నిమిషం లోపే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ పైన తిరుగుతుండగానే ప్రమాదం ఎంతో బోయింగ్ ఇంజినీర్లు అంచనా వేసి, స్లైడ్ల రూపంలో నాసాకు చెప్పారు. వాటిలో ఒకదాని పైన పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షిక, పరీక్షల డేటా చూస్తే మన లెక్కలు జాగ్రత్త వైపే ఉన్నాయన్న భావం ఇస్తుంది. కింద బుల్లెట్లు, వాటి కింద ఇంకా చిన్న బుల్లెట్లు. అట్టడుగున ఒక చిన్న లైను: తగిలిన ముక్క పరిమాణం 1920 ఘనపు అంగుళాలు, పరీక్షల్లో వాడింది 3 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఆ పరీక్షల మీద ఆధారపడి ఏమీ చెప్పలేమన్న మాట అక్కడుంది. శీర్షిక చూసినవాళ్లకు ధైర్యం వచ్చింది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ షటిల్ టెక్సస్ ఆకాశంలో ముక్కలైంది. ఏడుగురూ చనిపోయారు. దర్యాప్తు బోర్డు అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ స్లైడ్ గురించే ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టింది.

ప్రమాదానికి కారణం స్లైడ్ అని బోర్డు అనలేదు, క్లాసులోనూ అలా చెప్పరు. అబద్ధం ఒక్కటీ లేకపోయినా, నిజాన్ని పెట్టిన చోటు వల్ల అది కనపడకుండా పోవచ్చన్నదే అక్కడి చర్చ. రామస్ తీసేసిన ఆ "వరసలో పెట్టడం" అనే భాగం ఎంత పెద్దదో దీంతో అర్థమవుతుంది. టెక్నికల్ రైటింగ్ అంటే యూజర్ మాన్యువల్ రాయడమేగా అనుకునేవాళ్లకు కూడా.

క్లాసులో జరిగేది

కోర్సులు పైపైన చెప్పుకుంటే రెటరిక్ చరిత్ర, శైలి, వాదన, టెక్నికల్ రైటింగ్, ఎడిటింగ్, డిజిటల్ మాధ్యమాల్లో రాత, పరిశోధన పద్ధతులు, చివర్లో ఒక పోర్ట్‌ఫోలియో. చాలామంది యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌లో ట్యూటర్లుగా పనిచేస్తారు. తెచ్చిన వ్యాసంలో తప్పులు దిద్దిపెట్టడం ట్యూటర్ పని కాదు. "ఇది ఎవరు చదువుతారు? వాళ్లకిప్పటికే తెలిసిందేమిటి?" అని అడుగుతూ రాసినవాడి చేతే మళ్లీ రాయిస్తారు. విసుగొచ్చే పనే.

మళ్లీ రాయడం గురించి 1980లో నాన్సీ సోమర్స్ చేసిన అధ్యయనం ఈ రంగంలో అందరికీ తెలుసు. 20 మంది మొదటి ఏడాది విద్యార్థుల్ని, 20 మంది చేయి తిరిగిన రచయితల్ని తీసుకుంది. ఒక్కొక్కరి చేత మూడు వ్యాసాలు రాయించి, ఒక్కోదాన్ని రెండేసి సార్లు తిరగరాయించింది. విద్యార్థులు తిరగరాయడమంటే మాటలు మార్చడం అనుకున్నారు. ఒక మాట రెండుసార్లు వస్తే ఇంకో మాట వేశారు. అనుభవం ఉన్నవాళ్లు తమ వాదనకు రూపమేమిటో వెతుక్కున్నారు. అవసరమైతే పేరాలకు పేరాలు పారేశారు. అందుకే ఈ మేజర్‌లో మార్కులు చివరి ప్రతికే కాదు, డ్రాఫ్టుల మధ్య ఏం మారింది, ఎందుకు మార్చావు అన్నదానికి కూడా ఉంటాయి. తెల్లవారుజామున మూడింటికి ఒక్క ఊపులో రాసి సబ్మిట్ చేసే అలవాటు ఉన్నవాళ్లకు మొదటి సెమిస్టర్ టెన్షనే.

మనకు బాగా దగ్గరగా వచ్చే పని మీనా షాగ్‌నెసీది. 1970లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ, ఊళ్లో హైస్కూల్ పాసైన ప్రతివాళ్లకూ తలుపులు తెరిచింది. అప్పటిదాకా కాలేజీ గడప తొక్కని ఇళ్ల పిల్లలు వచ్చారు. వాళ్ల రాతలు చూసి చాలామంది ప్రొఫెసర్లు చేతులెత్తేశారు. అక్కడే రాత నేర్పే షాగ్‌నెసీ సుమారు 4,000 ప్రవేశ వ్యాసాలు ముందేసుకుని కూర్చుంది. 1977లో వచ్చిన ఆమె పుస్తకం తేల్చిందేమిటంటే, ఆ తప్పులు గాలివాటంగా వచ్చినవి కావు, వాటికి ఒక లెక్క ఉంది. ఇంటి భాష, సగం తెలిసిన నియమం, పరీక్ష భయం కలిసి చేసినవి.

తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాడు "ఎ", "ది" మింగేస్తే అది నిర్లక్ష్యం కాదు, అతని భాషలో ఆ గది లేదు. "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" అని అమెరికన్ ప్రొఫెసర్‌కి మెయిల్ పెడితే అది తప్పు ఇంగ్లిష్ కూడా కాదు. మన ఆఫీసుల్లో తరాల తరబడి చెల్లిన, మర్యాద నిండిన మాట. అక్కడ చదివేవాడికి మాత్రం ఏం కావాలో అర్థం కాదు. రచనా రూపాలు గాల్లో ఉండవు, ఒక సమాజంలో పదేపదే ఎదురయ్యే అవసరాలకు అక్కడివాళ్లు అలవాటు చేసుకున్న జవాబులవి. 1984లో క్యారొలిన్ మిల్లర్ అనే రెటరిక్ పండితురాలు చెప్పిన సంగతి ఇది. ఎమ్మెస్‌కి వెళ్లే మన పిల్లల ఎస్‌ఓపీలు, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నారో చెబుతూ దరఖాస్తుతో పంపే వ్యాసాలు, చూస్తే తెలుస్తుంది. "చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ఆసక్తి" అని మొదలయ్యే నమూనా ఒకటి కన్సల్టెన్సీల్లో చేతులు మారుతూ ఉంటుంది. భాష తప్పుల్లేకుండానే ఉంటుంది. చదివే అడ్మిషన్ కమిటీ ఎవరు, వాళ్లు దేన్ని బట్టి నిర్ణయిస్తారు అన్న ప్రశ్న ఆ నమూనాకి ఎప్పుడూ ఎదురవలేదు, అంతే.

మన దగ్గర ఈ చదువుకు సరిసమానమైన డిగ్రీ దాదాపు లేదు. బి.ఏ. ఇంగ్లిష్ అంటే సాహిత్యం, కాస్త భాషాశాస్త్రం. రాత, మాట మాత్రం ఇంజినీరింగ్ కాలేజీలో కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ పేరుతో ప్లేస్‌మెంట్లకు ముందు వేసే పైపూత.

తీసుకోవచ్చా?

అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు చాలామంది తెలియకుండానే ఈ రంగంలో అడుగు పెట్టి ఉంటారు. పదకొండో తరగతిలో తీసుకునే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) ఇంగ్లిష్ లాంగ్వేజ్ కోర్సు సాహిత్యానిది కాదు, రెటరిక్‌ది. పరీక్షలోని మూడు వ్యాసాల్లో ఒకటి నేరుగా రెటరికల్ అనాలిసిస్. అది ఇష్టంగా చేసిన పిల్లకి మేజర్ కూడా నచ్చే అవకాశం ఎక్కువ. మంచి స్కోరుతో కాలేజీ మొదటి ఏడాది రాత కోర్సు తప్పించుకోవచ్చు కదా అని మాత్రమే తీసుకున్నవాళ్ల సంగతి వేరు.

ఉద్యోగాల గురించి తీపి కబుర్లు చెప్పను. 2012 తర్వాత పదేళ్లలో అమెరికాలో ఇంగ్లిష్ డిగ్రీల సంఖ్య మూడో వంతుకు పైనే పడిపోయింది. రైటింగ్ ట్రాక్ వాళ్లు టెక్నికల్ రైటర్లుగా, ఎడిటర్లుగా, సంస్థలకు నిధుల కోసం దరఖాస్తులు రాసే గ్రాంట్ రైటర్లుగా వెళ్తారు, లా స్కూలుకు వెళ్తారు. సాహిత్యం మాత్రమే చదివినవాళ్ల కంటే చేతిలో చూపించడానికి పని ఉంటుంది. కానీ 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక, తప్పుల్లేని వాక్యం రాయడానికి ఉన్న ధర పడిపోయింది. కాబట్టి వ్యాకరణం కోసం ఎవరైనా ఈ డిగ్రీ తీసుకుంటుంటే ఆగమనే చెబుతాను. ఎవరికి రాయాలి, ఏది పైన పెట్టాలి, ఏది అసలు చెప్పకూడదు అని నిర్ణయించి, ఆ నిర్ణయానికి జవాబుదారీగా నిలబడే మనిషి అవసరం మాత్రం తగ్గలేదు. ఆ మనిషికి మొదటి ఉద్యోగం దొరకడం మునుపటి కంటే కష్టమైన మాటా నిజమే.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎఫ్‌-1 వీసా మీద వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ చేసినవాళ్లకు 12 నెలల ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసుకోనిచ్చే అనుమతి, మీద ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. ఇంగ్లిష్ డిగ్రీకి సాధారణంగా ఆ 12 నెలలే. అంత ఫీజు కట్టి ఏడాదిలో తేల్చుకోవాల్సి రావడం చిన్న విషయం కాదు. అలాంటివాళ్లకు కంప్యూటర్ సైన్స్‌తో పాటు దీన్ని మైనర్‌గా, అంటే రెండో అంశంగా, తీసుకోవడం నయమని నా అభిప్రాయం. డాక్యుమెంటేషన్ రాయగల ఇంజినీర్‌ని ఏ టీమ్ అయినా వదులుకోదు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బ్రోషర్‌లోని పేరు చూసి మోసపోకండి. క్యాటలాగ్ తెరిచి, ఈ ట్రాక్‌లో తప్పనిసరి కోర్సులు ఎన్ని, అవి చెప్పేవాళ్లలో రెటరిక్‌లో పీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఎంతమంది, సెమిస్టర్ కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు ఎంతమంది చూడండి. చైల్డ్ నాటి చాకిరీ ఇంకా వాళ్ల నెత్తినే ఉన్నచోటు ఇక్కడే బయటపడుతుంది. వీలైతే చివరి ఏడాది విద్యార్థి పోర్ట్‌ఫోలియో ఒకటి చూపించమని అడగండి. అందులో అన్నీ ప్రొఫెసర్ కోసం రాసిన వ్యాసాలే ఉంటే అది సాహిత్య డిగ్రీయే, పేరు మార్చారంతే. ఒక స్వచ్ఛంద సంస్థకు రాసిన నివేదిక, ఒక యాప్‌కి రాసిన సూచనలు, ఒక పాలసీ మెమో, వాటి డ్రాఫ్టులు, ఎందుకలా మార్చారో చెప్పే నోట్ కనిపిస్తే ఆ ప్రోగ్రామ్ పేరుకు తగ్గ పని చేస్తున్నట్టే.